చక్రాల కుర్చీకీ కొలతలు కావాలి

కూర్చునే తీరు చెడితే పుండు - పుండు ముదిరితే ప్రాణానికే ముప్పు

చౌటుప్పల్: తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు తన మోకును తానే చూసుకొంటాడు. నడుముకు ఎంత వదులుండాలో, చెట్టుకు ఎంత బిగువుండాలో అతనికి తెలుసు. ఎవరి మోకో ఎరువు తెచ్చి చెట్టెక్కమంటే ఎక్కడు. కాని అదే మనిషి పట్టుజారి కిందపడి, వెన్ను విరిగి, రెండు కాళ్లూ చచ్చుబడి ఇంటికి వస్తే మాత్రం, ఎవరి ఒంటికో సరిపోయే చక్రాల కుర్చీ తెచ్చి అందులో కూర్చోబెడుతున్నారు. కుర్చీ దొరకడమే గొప్ప అనుకొంటున్నారు. కొన్ని నెలలకు పిర్ర కింద పుండు పడుతుంది. నడుము ఒక పక్కకు ఒరుగుతుంది. భుజాలు లాగుతాయి. మనిషి మళ్లీ మంచం పాలవుతాడు.

కుర్చీ ఇవ్వడం సగం పని. దానిని ఆ మనిషి కొలతకు సరిచేసి, అందులో సరిగా కూర్చోబెట్టడం మిగతా సగం. ఈ రెండో సగానికి పెద్ద ఖర్చు లేదు. ఒక టేపు, ఒక చెక్క పలక, తగిన మెత్త, ఇంట్లో వారి శ్రద్ధ వుంటే చాలావరకు అయిపోతుంది.

ఇక్కడే ఎందుకు ఇంత అవసరం?

పూర్వపు నల్గొండ జిల్లాలో వుండి, 2016 అక్టోబరు నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన చౌటుప్పల్ ప్రాంతంలో వెన్ను దెబ్బతినడానికి మూడు దారులున్నాయి. మొదటిది తాటిచెట్టు. చెట్టు మీది నుంచి పడేవారికి రక్షణగా నడుముకు, కాళ్లకు పట్టీలు, తాళ్లు వుండే కాటమయ్య రక్షా కవచం కిట్ల పంపిణీని ప్రభుత్వం 2024 జూలై 14న ప్రారంభించింది. అది జరిగింది కూడా మనకు దగ్గరలోనే, అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో. ఆ కిట్లు ఇకముందు పడబోయేవారిని కాపాడవచ్చు. ఇదివరకే పడినవారి సంగతి వేరే చూడాలి.

రెండోది రోడ్డు. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే 65వ నెంబరు జాతీయ రహదారి, పాత లెక్కలో 9వ నెంబరు, ఈ ఊరి మీదుగానే పోతుంది.

మూడోది నీళ్లు. ఫ్లోరైడు ఎక్కువగా వున్న బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలు గట్టిపడి, మందమై, వెన్నులోని సందు ఇరుకై వెన్నుపామును నొక్కుతాయి. మన దేశంలో ఈ జబ్బు సంగతి మొదట లోకానికి తెలిసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా గ్రామాల నుంచి. తరువాత నల్గొండ జిల్లా దానికి మారుపేరయింది. మిషన్ భగీరథ పైలాన్‌ను 2015 జూన్ 8న చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించారు. మంచి నీళ్లు వచ్చినా, అప్పటికే వంగిన నడుములు వంగినట్టే వున్నాయి.

నొప్పి తెలియకపోవడమే అసలు ప్రమాదం

వెన్నుపాము అంటే మెదడు నుంచి నడుము దాకా వెన్నెముక లోపల దిగే నరాల తాడు. అది ఎక్కడ దెబ్బతింటే అక్కడి నుంచి కిందికి కదలికా పోతుంది, స్పర్శా పోతుంది. జనం కదలిక పోవడాన్నే చూస్తారు. ప్రాణం మీదికి తెచ్చేది మాత్రం స్పర్శ పోవడం.

మామూలు మనిషి బస్సులో గంటసేపు కూర్చొన్నా తనకు తెలియకుండానే పదిసార్లు ఇటూ అటూ కదులుతాడు. పిర్రల్లో రెండు ఎముకలు దిగువకు పొడుచుకొని వుంటాయి. కూర్చొన్నప్పుడు ఒంటి బరువు చాలావరకు వాటి మీదే పడుతుంది. ఎముకకూ సీటుకూ మధ్య కండ నలిగి, నెత్తురు ఆడక, మంట పుడుతుంది. మంట పుట్టగానే కదులుతాం. వెన్ను దెబ్బతిన్నవారికి ఆ మంట తెలియదు. గంటల తరబడి అలాగే కూర్చొంటారు. లోపల ఎముక పక్కన కండ చచ్చి, తరువాత చర్మం మీద చిన్న మచ్చగా కనబడుతుంది. పైకి రూపాయి బిళ్లంత వున్నది లోపల చెంబంత వుండవచ్చు.

ఇంగ్లండులో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో 1944లో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ వెన్ను దెబ్బతిన్న సైనికుల కోసం ప్రత్యేక వార్డు పెట్టేనాటికి, అలాంటి రోగులు ఎక్కువ కాలం బతకరన్నది వైద్యులలో స్థిరపడిన మాట. ఈ పుండ్లు, మూత్రంలో చీము, ఈ రెండే వారిని తీసుకుపోయేవి. గుట్‌మన్ కొత్త మందేదీ కనిపెట్టలేదు. రెండు గంటలకొకసారి రాత్రింబవళ్లు రోగిని పక్కకు తిప్పించాడు. మూత్రం విషయంలో శుభ్రత పాటించాడు. లేపి కూర్చోబెట్టి ఆటలాడించాడు. 1948లో ఆ ఆసుపత్రి పచ్చికలో జరిపిన పోటీలే పెరిగి నేటి పారాలింపిక్స్ అయినాయి.

డబ్బున్నవారికి ఈ ముప్పు లేదనుకోరాదు. సినిమాల్లో సూపర్‌మాన్‌గా వేసిన క్రిస్టఫర్ రీవ్ 1995లో గుర్రం మీది నుంచి పడి మెడ విరిగింది. ఎందరో సేవకులున్నా, 2004 అక్టోబరులో ఇలాంటి పుండు సోకి చికిత్స పొందుతున్న రోజుల్లోనే గుండె ఆగి మరణించాడు.

మన దేశంలో ఈ వైద్యానికి దారి చూపినవారిలో రాయవేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ డాక్టర్ మేరీ వర్ఘీస్ ముందుంటారు. 1954లో కారు ప్రమాదంలో ఆమె వెన్ను దెబ్బతిన్నది. చక్రాల కుర్చీలో కూర్చొనే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. తరువాత పునరావాస వైద్యం చదివి వచ్చి వేలూరులో ఆ విభాగాన్ని నడిపారు. కుర్చీ సరిగా వుంటే అందులోని మనిషి ఏ పని దాకా వెళ్లగలడో చెప్పడానికి ఆమె జీవితమే సాక్ష్యం.

18 అంగుళాల కుర్చీలో 14 అంగుళాల మనిషి

బజారులో ఎక్కువగా దొరికే పెద్దల మడత కుర్చీ సీటు వెడల్పు 18 అంగుళాలు. బక్కపలచని మనిషి తుంటి వెడల్పు 14 అంగుళాలే వుందనుకొందాం. రెండు పక్కలా కలిపి నాలుగు అంగుళాల ఖాళీ మిగులుతుంది. నడుము కండరాలు పనిచేయని మనిషి ఆ ఖాళీలోకి ఒక పక్కకు ఒరుగుతాడు. ఒక పిర్ర కిందికి, ఒకటి పైకి అవుతుంది. బరువంతా కింది ఎముక మీద పడి అక్కడే పుండు లేస్తుంది. తల నిలబెట్టుకోవడానికి వెన్ను ఎదురు వంకర తిరుగుతుంది. ఏడాది గడిస్తే ఆ వంకరే స్థిరపడుతుంది. చక్రాలు దూరమై, చేతులు చాచి తోయవలసి రావడంతో భుజాలు అరిగిపోతాయి. కాళ్లు లేనివారికి భుజాలే కాళ్లు. అవి కూడా పోతే ఇక మిగిలేదేమిటి?

ఇంట్లోనే తీయదగిన కొలతలు ఇవి. మనిషిని గట్టి బల్ల మీద, వెనుక ఒకరు పట్టుకొని వుండగా, కూర్చోబెట్టి తీయాలి.

వెడల్పు: తుంటికి రెండు పక్కలా రెండు పుస్తకాలు నిలబెట్టి వాటి మధ్య దూరం కొలవాలి. సీటు వెడల్పు అంతే వుండాలి. బట్టలకని పక్కకొక వేలు మందం వదిలితే చాలు.

లోతు: పిర్ర వెనుక నుంచి మోకాలి మడత దాకా కొలిచి, రెండు మూడు వేళ్లు తగ్గించాలి. సీటు ఇంతకన్నా పొడవుంటే అంచు మోకాలి వెనుక ఒత్తుకొని మనిషి ముందుకు జారతాడు. పొట్టిగా వుంటే తొడల మీద పడవలసిన బరువు కూడా పిర్రల మీదికే వస్తుంది.

పాదాల పలక: మోకాలి మడత నుంచి మడమ కింది దాకా కొలవాలి. రోజూ చెప్పులు వేసుకొనేవారికి చెప్పులతోనే కొలవాలి. పలక ఎత్తుగా వుంటే మోకాళ్లు పైకి లేచి, బరువంతా పిర్ర ఎముకల మీద పడుతుంది. దిగువగా వుంటే పాదాలు వేలాడి, ఒళ్లు ముందుకు జారుతుంది. తొడ పొడవునా మెత్త మీద ఆని వుంటే పలక సరిగా వున్నట్టు.

వీపు ఆన: నడుము దగ్గర దెబ్బ తగిలినవారికి రెక్క ఎముకల కింది వరకు వుంటే చేతులు ధారాళంగా ఆడతాయి. ఛాతీ, మెడ దగ్గర దెబ్బ తగిలినవారికి ఇంకా ఎత్తు కావాలి.

చక్రం: చేతులు కిందికి వదిలితే నడిమి వేలి కొస చక్రం ఇరుసును తాకాలి. తాకకపోతే సీటు మరీ ఎత్తయినట్టు.

ఈ కొలతలన్నీ మెత్త వేసిన తరువాత మళ్లీ చూసుకోవాలి. మూడంగుళాల మెత్త వేస్తే మనిషి అంత ఎత్తు లేస్తాడు, పాదాలు గాలిలో మిగులుతాయి. పాదాల పలకను కూడా పైకి జరపాలి. చాలామంది మరచిపోయేది ఇదే.

వదులైన నులక మంచం వంటిది మడత సీటు

నులక మంచం వదులైతే ఏమవుతుందో తెలియనివారు లేరు. పడుకొన్న మనిషి నడుమ గుంటలోకి జారి తెల్లవారేసరికి నడుము పట్టేస్తుంది. మడత కుర్చీ రెక్సిన్ సీటూ అంతే. కొన్నాళ్లకు సాగి ఉయ్యాలవుతుంది. తొడలు రెండూ లోపలికి ఒరుసుకొంటాయి, తుంటి ఒక పక్కకు వాలుతుంది. దాని మీద ఎంత ఖరీదైన మెత్త వేసినా ఆ గుంటలోకే దిగుతుంది.

దీనికి మందు ఊరి వడ్రంగి దగ్గరే వుంది. సీటు కొలతకు అరంగుళం మందం ప్లైవుడ్ పలక కోయించి, అంచులు నునుపు చేయించి, మెత్త కింద కదలకుండా అమర్చాలి. పలక మీద నేరుగా మాత్రం ఎన్నడూ కూర్చోబెట్టరాదు. సీటు వెడల్పు ఎక్కువైతే పక్కలకు చెక్క పెట్టి, దాని మీద స్పాంజి, బట్ట కుట్టించి ఖాళీ పూడ్చవచ్చు. పాదాల పలకను వెల్డింగ్ షాపులో జరిపించవచ్చు. అయితే ఈ మార్పులు చేయించేముందు ఒకసారి ఫిజియోథెరపిస్టుకు చూపించడం మంచిది. కొత్తగా దెబ్బ తగిలి, విరిగిన వెన్ను ఇంకా అతుక్కోనివారి విషయంలో డాక్టరు చెప్పనిదే ఏదీ మార్చరాదు.

వంగి కూర్చోవడం సోమరితనం కాదు

"గట్ల వంగి కూసుంటవేందిరా, నిటారుగ కూసో" అని ఇళ్లలో తల్లులు కొడుకులను గదమాయిస్తుంటారు. ఆ కొడుకు వంగి కూర్చొనేది బద్ధకంతో కాదు. పొట్ట కండరాలు, నడుము కండరాలు పనిచేయని మనిషి నిటారుగా కూర్చొంటే ముందుకు బోర్లా పడతాడు. పడకుండా వుండడానికి తుంటిని ముందుకు జార్చి, వీపును వెనక్కు ఆనించుకొంటాడు. అలా అతడు బరువును తోకఎముక మీదికి తెచ్చుకొంటున్నాడు. అక్కడా పుండే.

గదమాయించి లాభం లేదు. ఒంటి లోపల లేని ఆధారాన్ని బయటి నుంచి కల్పించాలి. ముందుగా పిర్రలను సీటులో పూర్తిగా వెనక్కు జరపాలి. మొలతాడు కట్టుకొనే చోట, వీపు వెనుక, మడిచిన తువ్వాలంత ఆధారం పెడితే తుంటి నిలబడుతుంది. వీపు ఆన కొంచెం వెనక్కు వాలి వుంటే ముందుకు పడే భయం పోతుంది. భయం పోతే చేతులు పనికి వస్తాయి. పట్టీ కట్టవలసి వస్తే పొట్ట మీదుగా కాక, తుంటి మీదుగా, కిందికీ వెనక్కీ లాగేటట్టు కట్టాలి. పొట్ట మీది పట్టీ ఊపిరి ఆడనీయదు, తుంటినీ ఆపదు.

ఫ్లోరైడు వంచిన నడుముకు ఈ సూత్రం చాలదు. దాని సంగతి వేరు. వెదురుబొంగులా బిగిసిన వెన్నును నిటారు కుర్చీలో బలవంతాన కూర్చోబెడితే మనిషి రోజంతా నేల చూస్తుంటాడు, వీపు మీద గూనెముక ఒరిసిపోతుంది. మనిషిని కుర్చీకి వంచకూడదు, కుర్చీనే మనిషికి వంచాలి. ఎదుటివారి ముఖం కనబడేంతవరకు సీటునూ వీపునూ వెనక్కు వాల్చాలి. ఒక పిర్ర పైకి లేచి బిగిసిపోయి వుంటే, ఆ లేచిన వైపు కింద మెత్త పెంచి బరువు పంచాలి. బిగియకుండా చేతితో సర్దితే నిలిచే ఒంపయితే, దిగిన వైపు పెంచి సమం చేయాలి. ఏ ఒంపు సర్దితే నిలుస్తుంది, ఏది నిలవదు అన్నది ఫిజియోథెరపిస్టు మనిషిని పడుకోబెట్టి నెమ్మదిగా చూసి చెప్పాలి. ఇంట్లో లాగి చూడరాదు.

మెత్త ఎలా వుండాలి?

మొదట చెప్పవలసింది, గాలి రింగు వద్దు. నడుమ రంధ్రం వున్న రింగు పుండుకు మంచిదని చాలామంది కొంటారు. అది చుట్టూ ఒత్తి, నడిమి భాగానికి నెత్తురు రాకుండా చేస్తుంది. ఒత్తుగా మడిచిన బొంత, దూది దిండు కూడా కొద్ది రోజులకే అణగి రాయి అవుతాయి.

మంచి స్పాంజి మెత్తలో కింద గట్టి పొర, పైన మెత్తని పొర వుంటాయి. కింది పొరలో పిర్ర ఎముకలు దిగేచోట పల్లం కోస్తారు. ఆ పల్లం ముందు గట్టు తుంటిని జారనీయదు, బరువు తొడల మీదికి పంచుతుంది. గాలి గదులున్న మెత్తలు, జెల్ మెత్తలు ఇంకా బాగా పనిచేస్తాయి. గాలి మెత్తలో మరీ ఎక్కువ గాలి కొట్టినా, తక్కువ కొట్టినా ఉపయోగం లేదు. పై గుడ్డ వదులుగా, సాగేదిగా, ఉతికేదిగా వుండాలి. తడి మెత్త మీద కూర్చోబెట్టరాదు.

మెత్త పనిచేస్తున్నదా లేదా తెలుసుకోవడానికి చేతి పరీక్ష ఒకటి వుంది. మనిషిని ముందుకు వంచి, పిర్ర ఎముక కిందికి, మెత్తకూ ఒంటికీ మధ్య, వేళ్లు దూర్చాలి. మళ్లీ సరిగా కూర్చొన్నాక వేళ్ల కొసలు పైకి కిందికి కొంచెం ఆడితే మెత్త బాగున్నట్టు. ఆడకపోయినా వేళ్లు జారి బయటకు వస్తే జాగ్రత్త పడాలి. వేళ్లు బిగుసుకుపోతే ఆ మెత్త పనికిరాదు. రెండు వైపులా చూడాలి, నెలకొకసారి చూడాలి.

గడియారం చూసి బరువు తీయాలి

ఎంత మంచి మెత్త అయినా గంటల తరబడి ఒకే చోట బరువు మోయలేదు. పావుగంటకో అరగంటకో ఒకసారి ఒత్తిడి తీయాలి. కుర్చీకి బ్రేకులు వేసి, ఛాతీ తొడల మీదికి వచ్చేటట్టు ముందుకు వంగి రెండు నిమిషాలు వుండాలి. బల్ల మీదికో మంచం మీదికో వంగినా సరే. వంగలేనివారు ఒక పక్కకు, మరొక పక్కకు ఒరగాలి. చేతులు ఆనించి క్షణం పైకి లేవడం చాలదు, నలిగిన కండలోకి నెత్తురు తిరిగి రావడానికి అంతకన్నా ఎక్కువసేపు పడుతుంది. పైగా భుజాలు చెడతాయి. చేతులు కూడా లేనివారికి ఇంట్లోవారు పట్టుకొని చేయించాలి.

ఉదయం లేవగానే, రాత్రి పడుకోబోయే ముందు, పిర్రలు, తోకఎముక, తుంటి పక్కలు, మడమలు అద్దంలో చూసుకోవాలి. మన రంగు చర్మం మీద ఎరుపు తెలియదు. చుట్టుపక్కల కన్నా నల్లబడినా, వేడిగా తగిలినా, గట్టిపడినా అది మొదటి గుర్తు. అది పోయేదాకా ఆ చోటు మీద కూర్చోరాదు. చర్మం చిట్లితే పసుపు, ఆకుపసరు, పౌడరు పెట్టక ఆసుపత్రికి వెళ్లాలి. బీడీ మానితే పుండు త్వరగా మానుతుంది. వెనుక జేబులో తాళంచెవి, చిల్లర వుంచుకోరాదు. వేడి అన్నం గిన్నె ఒడిలో పెట్టుకోరాదు, చలిమంటకు కాళ్లు చాపరాదు. కాలినా తెలియదు.

అడగవలసిన మాట

హైదరాబాదు పంజగుట్టలోని నిమ్స్ మొదలు ఎముకల విరుపుగా పుట్టిన ఆసుపత్రే. బీబీనగర్ ఎయిమ్స్ మన జిల్లాలోనే వుంది. ఆసుపత్రికి వెళ్లినప్పుడు వెన్ను ఆపరేషన్ సంగతితో పాటు "కూర్చునే కుర్చీ కొలిచి చెప్పండి" అని కూడా అడగాలి. వికలాంగులకు ఉపకరణాలు ఇచ్చే కేంద్ర పథకం 1981 నుంచి వుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం వారికి దయగా కాక హక్కుగా సహాయం అందాలంటున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ప్రకటించిన సూత్రాల ప్రకారం, మనిషి ఒంటికీ అతను తిరిగే నేలకూ సరిపోయి, సరిగా కూర్చోబెట్టగలిగినదే తగిన చక్రాల కుర్చీ.

కనుక పంపిణీ శిబిరాలు పెట్టే అధికారులు, దాతలు కుర్చీల సంఖ్య ఒక్కటే లెక్క చూసుకోరాదు. కొలిచే మనిషిని, రెండు మూడు సైజుల కుర్చీలను, ప్రతి కుర్చీతో ఒక మెత్తను కూడా తేవాలి. ఆరు నెలలకు ఒకసారి వచ్చి చూడాలి. కుర్చీ తీసుకొనే కుటుంబాలు కూడా ఫోటో దిగి ఇంటికి పోక, అక్కడే కూర్చోబెట్టి చూపించమని పట్టుబట్టాలి. ఇదివరకే ఇంట్లో కుర్చీ వున్నవారు ఈ వారమే టేపు తీసుకొని కొలిచి చూడాలి. సీటు సాగిందా, పక్కన ఎన్ని వేళ్ల ఖాళీ వుంది, పాదాలు ఆనుతున్నాయా, మెత్త కింద వేళ్లు ఆడుతున్నాయా - ఈ నాలుగూ చూసుకొంటే పుండు పడకముందే ఆపవచ్చు.